ఆటో దిగాకే పాఠం

చెన్నైలో విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్) చదివే పిల్లల్లో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. నెల్లూరు, సూళ్ళూరుపేట, తిరుపతి వైపు నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండేవాళ్ళు కొందరు. పెరంబూరులోనో సైదాపేటలోనో తరాలుగా ఉంటూ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడేవాళ్ళు మరికొందరు. అందరి జేబుల్లోనూ కెమెరా ఉంది. కాలేజీ స్టోరు రూములో తాళం పడి ఉన్న పెద్ద కెమెరా కోసం వరసలో నిలబడక్కర్లేదు. అందుకే సినిమా అయినా జర్నలిజం అయినా ఫోనుతోనే నేర్పేయొచ్చన్న మాట మాస్టార్ల నోట తరచూ వినిపిస్తోంది. నేర్పొచ్చు, అందులో నాకు అనుమానం లేదు. నేర్పే తీరు మీదే నా పేచీ అంతా. యాప్ తెరవండి, ఎర్ర బటన్ నొక్కండి, టెంప్లేట్లో (ముందే కోసి పెట్టిన అచ్చులో) పడేయండి, పాట తగిలించండి, అప్‌లోడ్ చేయండి. డ్రైవింగ్ నేర్పుతామని పిలిచి, ఆటో ఎక్కించి, టి.నగర్ అంతా తిప్పి దించేసినట్టుంది ఈ వ్యవహారం. కుర్రాడు ఊరు చూశాడు, హ్యాండిల్ మాత్రం పట్టుకోలేదు.

యాప్ పని తేలిక చేస్తుంది కాబట్టి పాఠానికి పనికొస్తుందనుకోవడంలోనే పొరపాటుంది. షటర్ (ఒక్కో బొమ్మకి వెలుతురు పడే సమయం), ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలన్న అంకె), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగు సర్దడం), ఆడియో మీటర్ (శబ్దం ఎంత గట్టిగా పడుతోందో చూపేది) అనే నాలుగు అంకెల్నీ పిల్లల బొటనవేలి కిందికి తెచ్చి పెడుతుంది, దాని విలువ అది. ఆటో మోడులో ఆ నాలుగు నిర్ణయాలూ ఫోనే తీసేసుకుంటుంది, ఎందుకు తీసుకుందో చెప్పదు. టీ కొట్టు మాస్టర్ ముఖం మీద ఫోకస్ పెట్టి తీస్తుంటే వెనకాల తెల్ల బస్సు వెళ్తుంది, ముఖం ఒక్కసారిగా నల్లబడుతుంది, బస్సు పోగానే మళ్ళీ వెలుగుతుంది. సమోవర్ మీది పసుప్పచ్చ బల్బు నుంచి వీధి వెలుతురు వైపు కెమెరా తిప్పితే రంగు షాట్ మధ్యలోనే మారిపోతుంది. ఎడిటింగులో ఈ రెండిటికీ వైద్యం ఉన్నట్టే ఉంటుంది కానీ కుదరదు. అందుకని మొదటి కెమెరా క్లాసులో చెప్పాల్సింది ఒక్కటే: ఆటోని ఎలా ఆపాలి.

ఏ యాప్ అని అడుగుతారు. సిలబస్‌లో యాప్ పేరు రాయొద్దనే నేనంటాను. మొబైల్ జర్నలిజం వర్క్‌షాపుల్లో ఏళ్ళ తరబడి ఫిల్మిక్ ప్రో అనే కెమెరా యాప్ పేరే జపం చేశారు. అది 2022లో చందా పద్ధతికి మారింది, 2023 చివరికల్లా దాన్ని తయారు చేసిన బృందాన్నే ఇంటికి పంపేశారు. వివావీడియో అనే ఎడిటింగ్ యాప్ 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో పోయింది. యాప్ పేరుతో పాఠం రాసుకున్నవాళ్ళు రెండుసార్లూ నోట్సు చించేసుకోవాల్సి వచ్చింది. ఇవాళ్టికి ఉచితంగా దొరికేవాటిలో ఆండ్రాయిడ్‌కి ఓపెన్ కెమెరా ఉంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా 2023లో ఐఫోన్‌కీ, 2024లో కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకీ వచ్చింది. ఏది వాడినా అడగాల్సింది ఒకటే: షటరూ ఐఎస్ఓ విడివిడిగా పట్టి ఆపగలమా, లేదా?

చౌక ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇక్కడే చిక్కు. ఓపెన్ కెమెరా సెట్టింగుల్లో కెమెరా ఏపీఐ (యాప్ కెమెరాతో మాట్లాడే దారి) అని ఉంటుంది, దాన్ని కెమెరా2కి మార్చాలి. మార్చినా కొన్ని ఫోన్లలో ఐఎస్ఓ, షటర్ గడులు కనపడవు. అది యాప్ తప్పు కాదు, విద్యార్థి తప్పు అసలే కాదు. ఫోను తయారీదారు ఆ అధికారాన్ని బయటి యాప్‌లకి ఇవ్వలేదంతే. కాబట్టి సెమిస్టర్ మొదటి రోజే అందరి ఫోన్లూ పరీక్షించి, ఎవరి ఫోనులో ఏముందో రాసుకోవాలి. నలుగురేసి జట్లు కట్టేటప్పుడు జట్టుకొక్క మాన్యువల్ ఫోను, అంటే ఈ అంకెలు చేత్తో పెట్టగలిగేది, ఉండేలా చూస్తే చాలు. మిగతావి వృథా కావు. ఒకటి సౌండ్ రికార్డరు అవుతుంది, ఒకటి షాట్ల వివరాలు రాసుకునే లాగ్ పుస్తకం. ఖరీదైన ఫోను ఎవరిదైతే వాళ్ళే కెమెరామన్ అనే దురాచారం మాత్రం ఆపాలి. పాత్రలు వారం వారం మారాలి.

ఇక అంకెల్లోకి వెళ్దాం. మన కరెంటు 50 హెర్ట్జ్, సెకనుకి 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ లైటు రెండుసార్లు మిణుకుతుంది. అంటే ట్యూబులైటూ, చౌక ఎల్ఈడీ బల్బూ సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. ఫోన్లు చాలావరకు సెకనుకి 30 ఫ్రేములతో వస్తాయి. ఆ లెక్కకి జతగా, అంటే రెట్టింపు అంకెతో, షటర్ 1/60 పెడితే రంగనాథన్ వీధి బట్టల కొట్టులో తీసిన షాట్ నిండా నల్ల చారలు పైనుంచి కిందికి పాకుతాయి. 25 ఫ్రేములు, 1/50 షటర్ పెడితే పోతాయి. ఐఫోన్‌లో 25 కనపడకపోతే కెమెరా సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్లు చూపించమనే మీట ఉంటుంది, అది వేయాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు 25 ఇవ్వనే ఇవ్వవు. అప్పుడు 30 ఫ్రేములే ఉంచి షటర్ మాత్రం 1/50 గానీ 1/100 గానీ పెట్టాలి. షటర్ తెరిచి ఉన్నంత సేపట్లో లైటు మిణుకులు పూర్తి సంఖ్యలో పడితే ప్రతి ఫ్రేముకీ ఒకే వెలుతురు అందుతుంది, ఫ్రేములు 25 అయినా 30 అయినా. ఈ ఒక్క లెక్క అర్థమైన విద్యార్థికి ఏ దేశంలో ఏ కెమెరా ఇచ్చినా భయం ఉండదు. అక్కడి కరెంటు ఎంత హెర్ట్జ్ అని అడుగుతాడు. ఇది చెప్పకుండా "ప్రో మోడ్ వాడండి" అంటే మంత్రం చెప్పినట్టే.

బయటికొస్తే కథ తిరగబడుతుంది. ఫోను లెన్సుకి అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) మార్చే వీలు సాధారణంగా ఉండదు, ఎఫ్ 1.8 దగ్గరే బిగుసుకుని ఉంటుంది. మిట్టమధ్యాహ్నం మెరీనా ఎండలో ఐఎస్ఓ 50 పెట్టినా సరైన వెలుతురుకి షటర్ 1/4000 దాకా పోతుంది. అలా తీస్తే అలలూ, పరిగెత్తే పిల్లలూ గజిబిజిగా, తుంపులు తుంపులుగా కదులుతారు. పాత ఫొటోగ్రాఫర్ల ఎండ లెక్క పిల్లల చేత బోర్డు మీద చేయించండి: ఎండలో ఎఫ్ 16 దగ్గర షటర్ అంకె ఐఎస్ఓ అంకెతో సమానం. 16 నుంచి 1.8కి వస్తే వెలుతురు ఆరు స్టాపులకు పైచిలుకు పెరుగుతుంది, ఒక్కో స్టాపుకి రెట్టింపు చొప్పున. ఆరు స్టాపులంటే 64 రెట్లు. కనుక 1/50కి రావాలంటే వెలుతురుని 64వ వంతుకి తగ్గించే ఎన్‌డీ 64 ఫిల్టరు కావాలి. రిచీ స్ట్రీట్‌లో ఫోనుకి తగిలించే ఫిల్టర్ల కోసం వెతుక్కోవచ్చు. డబ్బుల్లేకపోతే మనిషిని నీడలోకి జరపొచ్చు, లేదా సాయంత్రం ఐదింటికి రావొచ్చు. మన పాత కెమెరామన్లూ మధ్యాహ్నం ఎండని తప్పించుకునే బతికారు.

మే నెలలో ఇంకో మోసం ఉంది. ఎండకి ఫోను వేడెక్కుతుంది, తనని తాను కాపాడుకోవడానికి తెర వెలుగు తగ్గించేస్తుంది. తెర మసకగా కనపడగానే విద్యార్థి బొమ్మే చీకటిగా ఉందనుకుని ఎక్స్‌పోజర్ పెంచుతాడు. ఇంటికెళ్ళి చూస్తే ఆకాశమూ, తెల్ల చొక్కాలూ సున్నం కొట్టినట్టు పేలిపోయి ఉంటాయి. అందుకే తెరని నమ్మొద్దు, హిస్టోగ్రామ్‌ని (బొమ్మలో వెలుగూ చీకటీ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫుని) నమ్మండి అని చెప్పేది. ఓపెన్ కెమెరాలోనూ ఉంటుంది, ఆన్ చేసుకోవాలి. షూటింగుకి ముందు ఫ్లైట్ మోడ్ పెట్టడం కూడా అలవాటు చేయాలి. బైట్ (కెమెరా ముందు ఒకరు చెప్పే మాట) మధ్యలో ఫోను మోగిందా, కొన్ని ఫోన్లలో రికార్డింగే ఆగిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే నియమం. చాలామందికి నచ్చదు. ఫోనులో ఎంతసేపైనా తీసుకోవచ్చన్న స్వేచ్ఛని కెమెరా పట్టిన మొదటి ఆరు వారాలు లాగేసుకోవాలి. కోడంబాక్కంలో తెలుగు సినిమాలు తయారైన రోజుల్లో 35 ఎంఎం ఫిలిం సెకనుకి అడుగున్నర చొప్పున కరిగిపోయేది. 400 అడుగుల రీలంటే 4 నిమిషాల 26 సెకన్లు. 1000 అడుగులదైనా 11 నిమిషాలే. కెమెరా తిరుగుతుంటే డబ్బు తిరుగుతున్నట్టే, అందుకే రిహార్సల్ అయ్యేదాకా ఎవరూ బటన్ ముట్టేవారు కాదు. ఫోనుకి ఆ భయం లేదు. ఫలితంగా రెండు నిమిషాల స్టోరీకి గంటన్నర ఫుటేజీ తెస్తారు, అందులో వాడుకోదగ్గ షాట్ ఒక్కటీ ఉండదు. కాబట్టి జట్టుకి 4 నిమిషాల 26 సెకన్లు. అంతే. డిలీట్ చేసిన క్లిప్పు కూడా లెక్కలోకే. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. సెకనుకి 20 మెగాబిట్ల దగ్గర నిమిషం వీడియోకి 150 ఎంబీ అవుతుంది, మొత్తం రీలు 700 ఎంబీ లోపే. మెమరీ నిండిన ఫోనులోనూ పడుతుంది.

ఆ నిడివిలో చేయదగ్గ మొదటి కెమెరా అభ్యాసం మైలాపూర్ మాడవీధుల్లో పూలు కట్టే ఆవిడ. ముందు ఆవిడ అనుమతి అడగాలి, కెమెరా తీయకముందే. ఐదు షాట్లు: దారం చుట్టే చేతులు, ముఖం, చేతులూ ముఖమూ బుట్టా కలిసిన వైడు, ఆవిడ భుజం మీదుగా కొనేవాళ్ళు, ఐదోది వాళ్ళ ఇష్టం. ఒక్కొక్కటీ కెమెరా కదలకుండా పది సెకన్లు. పది ఎందుకంటే మొదటి రెండు మూడు సెకన్లు బటన్ నొక్కిన కుదుపులో, చివరి రెండు ఆపబోయే తొందరలో పోతాయి, మిగిలేది ఐదారు. జూమ్ నిషేధం. దగ్గరగా కావాలంటే కాళ్ళతో నడిచి వెళ్ళాలి. అల్ట్రావైడ్ లెన్సు కూడా వద్దు, ముఖాన్ని గుమ్మడికాయ చేస్తుంది. తొమ్మిదిమంది ఒకేలాంటి షాట్లు తెచ్చినా ఫర్వాలేదు. పదోవాడు ఐదో షాట్లో ఏం పెట్టాడన్న దగ్గరే చర్చ మొదలవుతుంది. రైల్వే ప్లాట్‌ఫాం, మెట్రో స్టేషన్ లాంటి చోట్లకి మాత్రం అనుమతి కాగితం లేకుండా ట్రైపాడుతో పంపొద్దు.

బొమ్మ గురించి ఇంత చెప్పినా, ఫోను సినిమా చచ్చేది శబ్దం దగ్గరే. ఐఫోన్ 5ఎస్‌తో తీసి 2015లో విడుదల చేసిన 'టాంజరిన్' సినిమా గురించి ప్రతి వర్క్‌షాపులోనూ చెబుతారు. దాని శబ్దాన్ని మాత్రం ఫోనుతో పట్టలేదన్న సంగతి చెప్పరు. సౌండ్ రికార్డిస్టు వేరే ఉన్నారు, మైకులు వేరే ఉన్నాయి. ఫోను మైకు దూరంగా ఉన్న గొంతుని పట్టలేదు. దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, పక్కనున్న ఆటో చప్పుడు పడిపోదు. అందుకే నా వాదన: ఫోన్ల పరీక్ష అయ్యాక మొదటి రెండు వారాలు కెమెరా యాప్ తెరవనే కూడదు. రికార్డర్ యాప్ ఒక్కటే. బొమ్మ లేకుండా రెండు నిమిషాల శబ్ద కథనం. కోయంబేడు మార్కెట్ తెల్లవారుజామునో, సైదాపేటలో ఇస్త్రీబండి దగ్గరో.

ఇందులో తెలుగు పిల్లలకి ప్రత్యేకంగా కలిసొచ్చే విషయం కూడా ఉంది. తమిళనాడులో 2006 నాటి చట్టం బడుల్లో తమిళాన్ని ఒకటో తరగతి నుంచి తప్పనిసరి చేసింది. దాని కింద చదువుకున్న తెలుగు ఇళ్ళ పిల్లల్లో మాట వచ్చినా రాత రానివాళ్ళు ఎందరో. వాళ్ళ చేత తెలుగు స్క్రిప్టు రాయించబోతే బిక్కమొహం వేస్తారు. మాట్లాడించండి, మనం టీవీలో వినని తెలుగు బయటికొస్తుంది. చదివిన వాయిస్ ఓవర్ కన్నా చెప్పిన వాయిస్ ఓవర్ ఎప్పుడూ మేలే.

కాలర్ మైకు వెయ్యి రూపాయలకు అటూఇటూగా దొరుకుతుంది. దాంతో జరిగే తప్పులు ఇంచుమించు అన్ని జట్లలోనూ అవే. పొడుగు వైరున్న చౌక మైకుల్లో చాలావాటికి ఫోనుకీ కెమెరాకీ మార్చే చిన్న స్విచ్చు ఉంటుంది, అది కెమెరా వైపు ఉండిపోతే శబ్దం రాదు, లేదా గుసగుసలా వస్తుంది. 3.5 జాక్ లేని ఫోనుకి టైప్-సి కన్వర్టర్ పెట్టి, మైకు పట్టిందో లేదో చూసుకోకుండా తీసేస్తారు, తీరా చూస్తే రికార్డయింది ఫోను సొంత మైకుతో. పరీక్ష చాలా సులువు: కాలర్ మైకుని గోటితో గీకండి, మీటర్ ఎగిరిందా లేదా. మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. చీర కొంగు, చున్నీ, కండువా దాని మీద రాసుకుంటే ఆకులు నలిపిన చప్పుడు వస్తుంది. కొంగు రెండో భుజం వైపు సర్దుకోమని మర్యాదగా అడగండి, లేదా మైకుని జాకెట్టు అంచుకి ఆవిడనే పెట్టుకోమనండి. మగపిల్లలు చేతులు పెట్టి సర్దబోవడం ఎక్కడా కూడదు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ని మైకుగా వాడితే గొంతు ఫోను కాల్‌లా సన్నగా వస్తుంది. పాటలు బాగానే వినపడుతున్నాయిగా అని పిల్లలు వాదిస్తారు. వినడానికి వాడే దారి వేరు, మైకుగా వాడే దారి వేరు, రెండోది ఇరుకు.

లెవెల్ మాటకొస్తే, మాట గట్టిగా ఉన్నప్పుడు మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, నవ్వినా అరిచినా మైనస్ 6 దాటకూడదు. మీటర్ పైకొస అయిన సున్నాని తాకిన శబ్దం పగిలిపోతుంది, దాన్ని ఏ యాప్ అతికించలేదు. మెరీనాలో గాలి ఇంకో శత్రువు. ఎండాకాలం మధ్యాహ్నం సముద్రం మీది గాలి మొదలయ్యాక స్పాంజి టోపీ దేనికీ పనికిరాదు, బొచ్చు కవరు కావాలి. పాత టెడ్డీబేర్ బొచ్చుగుడ్డ కోసి కుట్టినా పని చేస్తుంది. పొద్దున ఏడింటికే వెళ్తే ఆ కుట్టుపనీ తగ్గుతుంది. ఇంటర్వ్యూ అయిపోయాక ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్లు ఆ చోటు చప్పుడు రికార్డు చేయాలి. అది లేకపోతే ఎడిటింగులో కోసిన ప్రతి చోటా నిశ్శబ్దం గుంటలా తెలుస్తుంది.

శబ్దాన్ని రెండో ఫోనులో పడితే జత కలపడం ఒక పని. చప్పట్లు కొట్టి కలపమని అందరూ చెబుతారు. చివర్లో ఇంకోసారి కొట్టమని ఎవరూ చెప్పరు. ఆటో మోడులో ఉన్న ఫోను వెలుతురు తగ్గినప్పుడల్లా ఫ్రేముల వేగం తగ్గించుకుంటుంది, ఒకే ఫైలులో వేగం అటూఇటూ అవుతుంది. పది నిమిషాల బైట్ మొదట్లో పెదాలూ మాటా కలిసే ఉంటాయి, చివరికొచ్చేసరికి డబ్బింగ్ సినిమా అవుతుంది. రెండో చప్పట్లు ఉంటే తేడా ఎంతో కొలవొచ్చు. ల్యాబ్ కంప్యూటర్లో ఎడిట్ చేసేటట్టయితే ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేము రేటుకి మార్చుకోవాలి. ఫైళ్ళు పంపుకునేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది, 2 జీబీ దాకా.

ఎడిటింగ్ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. వీఎన్ అయినా కైన్‌మాస్టర్ అయినా కోయడం, అతకడం, శబ్దాన్ని విడదీసి ముందుకీ వెనక్కీ జరపడం వస్తే చాలు. ఉచిత కైన్‌మాస్టర్ తన ముద్ర వేస్తుంది, ఫర్వాలేదు, క్లాసు ప్రాజెక్టే కదా. టెంప్లేట్ మాత్రం ముట్టుకోనివ్వొద్దు. ఎక్కడ కోయాలన్నది ఎడిటర్ చేసే ఏకైక పని. టెంప్లేట్ ఆ పనిని పాట తాళానికి అప్పగిస్తుంది. మార్కులు కూడా దీనికి తగ్గట్టే ఉండాలి. 50కి వేస్తే రషెస్‌కి (కోయకముందున్న క్లిప్పులకి) 20, శబ్దానికి 15, లాగ్ పుస్తకానికి 5, ఫైనల్ కట్‌కి 10. ఫైనల్ కట్‌కే అన్ని మార్కులూ వేసే మాస్టారు నిజానికి యాప్‌కి మార్కులు వేస్తున్నాడు.

జర్నలిజం వైపు వచ్చేసరికి ఆటో మోడు చేసే తప్పు అందచందాల సమస్య కాదు, అబద్ధం అవుతుంది. చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ అడగకుండానే ఆన్ అయి ఉంటుంది, ముందు కెమెరాలో మరీను. ఎండలో మూడు గంటలు నిలబడ్డ పారిశుద్ధ్య కార్మికురాలి ముఖాన్ని నునుపు చేసి, రంగు ఒక మెట్టు తెల్లబరిచి చూపిస్తే ఆ రిపోర్టు ఏం చెప్పినట్టు? నాయిస్ తీసేసే మీట కూడా అంతే. ధర్నా బైట్‌లో వెనక నినాదాల్ని తుడిచేస్తే అక్కడ జనం లేరని చెప్పినట్టే. సినిమా క్లాసులో ఇవి ఇష్టాయిష్టాలు, వార్తలో కావు. ఒకే యాప్ రెండు క్లాసుల్లోనూ వాడుతున్నప్పుడు ఈ గీత మాస్టారే గట్టిగా గీయాలి.

ముఖం దాచాల్సిన మనిషిని తీసేటప్పుడు యాప్‌లోని మొజాయిక్‌ని (ముఖాన్ని గళ్ళుగా మసకబరిచేదాన్ని) నమ్ముకోవడం ఇంకా ప్రమాదం. తల తిప్పినప్పుడు మొజాయిక్ జారుతుంది. సెకనుకున్న 25 ఫ్రేముల్లో ఒక్కటి బయటపడినా ఎవరైనా ఆపి చూసుకోవచ్చు. గొంతు లావు చేసే మీటని తిరగేస్తే అసలు గొంతు తిరిగొస్తుంది. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ, జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్లు ఉన్నాయి. కాబట్టి తీసేటప్పుడే దాచాలి: కిటికీకి అడ్డంగా కూర్చోబెట్టి నీడ బొమ్మగా తీయడం, లేదా చేతులు మాత్రమే తీసి, మాటని ఇంకొకరి చేత చెప్పించడం. ఫోను కెమెరాలో లొకేషన్ ఆఫ్ చేయడం మరిచిపోతే ఇంత కష్టమూ బూడిదలో పోసినట్టే, ఫైలు లోపలే ఇల్లెక్కడో రాసి ఉంటుంది. దాచకముందున్న క్లిప్పుని క్లాసు వాట్సాప్ గ్రూపులో వేయడం అన్నిటికన్నా సర్వసాధారణమైన తప్పు.

చివరగా తెలుగు క్యాప్షన్ల గోల. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి, ఎక్స్‌పోర్ట్ అయ్యాక చూస్తే 'రాష్ట్రం' ముక్కలై ఉంటుంది. డీటీపీ సెంటరు నుంచి తెచ్చుకున్న పాత అను ఫాంట్లు యూనికోడ్ (ఏ ఫోనైనా చదవగల అక్షర పద్ధతి) కావు, ఫోనులో పనికిరావు. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం, వాటితో ముందు 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం' టైపు చేసి, ఐదు సెకన్ల క్లిప్పు ఎక్స్‌పోర్ట్ చేసి చూసుకున్నాకే మిగతా పని. ఆటో క్యాప్షన్లు చెన్నై తెలుగుని చూసి తెల్లమొహం వేస్తాయి. ఒక్క వాక్యంలో తెలుగు క్రియ, తమిళ నామవాచకం, ఇంగ్లీషు విశేషణం వస్తుంటే ఏ భాషలో రాయాలో వాటికి తోచదు. పేర్లూ ఊళ్ళూ అయితే తప్పు పడడం ఖాయం. ఇక్కడ కూడా ఆటో దిగాల్సిందే: చేత్తో టైపు చేయాలి, గరిష్ఠంగా రెండు వరసలు, మనం పైకి రెండుసార్లు చదివేంతసేపు తెర మీద ఉండాలి. తెలుగు చదవడం రాని విద్యార్థి అయితే ఫైలు ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో ఇచ్చి, శబ్దం ఆపేసి క్యాప్షన్లు మాత్రం చదివించుకోవాలి. వాళ్ళు ఎక్కడ ఆగారో, ఏ మాట దగ్గర నొసలు ముడిచారో టైమ్‌తో సహా లాగ్ పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకానికున్న 5 మార్కుల్లో 2 ఆ పేజీకే వేస్తే సరి.